ఒంటిచేత్తో నడిపే సైట్‌కి ఏ ఏఐ ప్లగిన్ పెట్టుకోవాలి?

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది నాలాగే ఒంటిచేత్తో సైట్ నడుపుతున్నవాళ్ళు. ఇందాక టీ దగ్గర మాట్లాడుకున్నాం. ఒకరు మంగళగిరి చీరలు అమ్ముతున్నారు, ఒక మాస్టారు పదో తరగతి లెక్కల నోట్సు పెడుతున్నారు. నాది వంటల సైట్. మా అమ్మ, అత్తగారు, వాళ్ళ తరం ఆడవాళ్ళు నోటితో చెప్పిన పచ్చళ్ళ కొలతలు రాసి పెడుతుంటాను. రాయడం, ఫొటోలు తియ్యడం, అప్‌డేట్లు, బ్యాకప్, సైట్ పడిపోతే అర్ధరాత్రి లేచి చూసుకోవడం, అన్నీ నేనే. అందుకే "ఈ పని ఏఐ చేసిపెడుతుంది" అని ఎవరైనా అంటే ప్రాణం లేచొస్తుంది. మీకూ అంతేనని తెలుసు.

ముందు నాకు జరిగిన సంగతి చెప్తాను. క్రితం ఏడు మామిడికాయల కాలానికి ముందు ఒక అనువాదం ప్లగిన్, అంటే సైట్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, పెట్టాను. తెలుగులో రాసింది దానంతట అదే ఇంగ్లీషులోకి మారి సైట్‌లో కనిపిస్తుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు పనికొస్తుందని నా ఆశ. ఆవకాయ పేజీలో ముక్కలు కిలోల లెక్కన, ఉప్పు మాత్రం "తవ్వెడు" అని రాశాను. ప్లగిన్ ఆ తవ్వెడును "ఒక కప్పు" చేసింది. తవ్వ అంటే రెండు సోలలు. మా ఇంట్లో తవ్వలో దగ్గర దగ్గర రెండు కప్పులు పడుతుంది. అంటే ఉప్పు సగానికి సగం పోయింది. డాలస్ నుంచి ఒకమ్మాయి ఫొటో పంపింది. జాడీలో పైనంతా తెల్లగా బూజు. "ఆంటీ, మా నానమ్మ పోయాక మా ఇంట్లో పెట్టిన మొదటి ఆవకాయ ఇది" అని రాసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలుగు పేజీలో నేను రాసింది సరిగ్గానే ఉంది. ఇంగ్లీషు పేజీని నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

అప్పటి నుంచి ఏ ప్లగిన్ పెట్టాలన్నా మొదట ఒకటే చూస్తాను. ఇది చేసిన పని పాఠకుల ముందుకు వెళ్ళేలోపు నా కంట పడుతుందా? తప్పుంటే చూడగానే నాకు తెలుస్తుందా? రెండింటికీ అవునంటేనే పెడతాను. అనువాదం ఇప్పటికీ ఏఐతోనే చేయిస్తున్నాను. కాకపోతే అది డ్రాఫ్టుగానే ఆగుతుంది. కొలతలన్నీ నేను గ్రాముల్లోకి మార్చాకే పబ్లిష్ నొక్కుతాను.

ఈ లెక్కన చూస్తే అన్నిటికంటే ఉపయోగపడేది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది: ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్ రాసే ప్లగిన్. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో సైట్ వింటారు. ఫొటో దగ్గరికి వచ్చేసరికి అది చదివేది ఈ ఆల్ట్ టెక్స్ట్‌నే. నా సైట్‌లో పాత ఫొటోలు వందల్లో ఉన్నాయి, ఒక్కదానికీ ఇది లేదు. ప్లగిన్ గోంగూర ఫొటోకి "గిన్నెలో ఆకుపచ్చని ఆకులు" అని రాసింది. నేను దాన్ని "కాడల నుంచి తుంచి, గుడ్డ మీద ఆరబెట్టిన ఎర్ర గోంగూర" అని మార్చాను. ఖాళీ పెట్టె ముందు కూర్చుంటే ఒక్కటీ రాయలేకపోయేదాన్ని. దిద్దడమంటే మాత్రం రోజుకు ఇరవై చొప్పున నెలలో అయిపోయాయి.

రెండోది ఇంకా చిన్నది. మన సైట్లను నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మన తెలుగు శీర్షికనే లింకుగా మారుస్తుంది. ఆ లింకుకు 200 అక్షరాల గది ఉంటుంది. తెలుగులో ప్రతి అచ్చు, హల్లు, గుణింతం, పొల్లు విడివిడిగా తొమ్మిదేసి అక్షరాల చోటు తింటాయి. "వేసవిలో పెట్టుకునే మాగాయ పచ్చడి" అని పెట్టి చూడండి, లింకు "మాగాయ" దగ్గర తెగిపోతుంది. పచ్చడికి చోటు లేదు. వాట్సాప్‌లో పంపితే ఆ లింకు చాలాసార్లు శాతం గుర్తుల గొలుసులా కనిపిస్తుంది, జనం నొక్కడానికి భయపడతారు. శీర్షిక చూసి ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి లింకు సూచించే ఏఐ సౌకర్యం ఉంటే వాడుకోండి. ఒక్క చూపులో తప్పొప్పులు తెలిసిపోతాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. చాలా ప్లగిన్లు ఉచితమే, కానీ ఏపీఐ కీ, అంటే ఏఐ కంపెనీ ఇచ్చే రహస్య సంకేతం, మీదే పెట్టుకోమంటాయి. బిల్లు టోకెన్ల లెక్కన, అంటే ఏఐ మన మాటల్ని విడగొట్టుకునే చిన్న ముక్కల లెక్కన వస్తుంది. తెలుగువాళ్ళం ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే ఏఐ మోడల్ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్ళే ఒక పోలిక చూపించారు. ఒకే చిన్న పలకరింపు ఇంగ్లీషులో 27 టోకెన్లయ్యేది, తెలుగులో 159 అయ్యేది. కొత్త పద్ధతిలో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45. చాలా తగ్గింది, సంతోషం. అయినా మనకు దాదాపు రెట్టింపే. ప్లగిన్ పాత మోడల్‌ను వాడుతుంటే అదే పనికి ఎన్నో రెట్లు కట్టాల్సి వస్తుంది. అందుకని సెట్టింగ్స్‌లో మోడల్ మార్చుకునే వీలుందో లేదో చూడండి. కీ తీసుకున్న రోజే ఆ కంపెనీ ఖాతాలో నెలకు ఇంతకు మించకూడదని హద్దు పెట్టండి. ఆ పని రేపటికి వాయిదా వెయ్యకండి.

ప్లగిన్లు దొరికే వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ఉచితమైనవి దాదాపు 60 వేలున్నాయి. ఇన్‌స్టాల్ నొక్కే ముందు కుడిపక్కన ఉన్న వివరాలు చదవండి. చివరిసారి అప్‌డేట్ అయ్యింది ఎప్పుడు? ఏ వర్షన్ దాకా పరీక్షించారు? గత మూడు పెద్ద వర్షన్లతో పరీక్షించలేదని పసుపు గీతతో హెచ్చరిక కనిపిస్తే వదిలెయ్యండి. వివరణ కిందికి వెళ్తే, మీ సైట్ నుంచి ఏ సమాచారం ఏ బయటి సర్వర్‌కి పోతుందో రాసి ఉండాలి. అలా చెప్పాలన్నది డైరెక్టరీ నిబంధనే. ఏఐ ప్లగిన్ అయ్యుండి ఆ మాటే ఎత్తకపోతే నేను ముట్టుకోను.

చాట్‌బాట్ ప్లగిన్ల గురించి అడుగుతారని తెలుసు. ఒక్కరే నడిపే సైట్‌కి వద్దంటాను. అది చెప్పే ప్రతి జవాబూ మీరు చూడకుండానే వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళు తమ పేరు, ఫోన్, ఆరోగ్యం సంగతులు అందులో టైప్ చేస్తారు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మనకూ వర్తిస్తుంది. రోజుకు పది పోస్టులు రాసి దానంతట అదే పెట్టే ప్లగిన్లయితే అసలు వద్దు. ర్యాంకుల కోసం గుట్టలుగా పేజీలు తయారుచెయ్యడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ కింద చేర్చింది. అయినా మన పేరు మీద మనకు తెలియని మాట ఎందుకు వెళ్ళాలి?

కామెంట్లలో వచ్చే స్పామ్‌ను ఆపే అకిస్మెట్ లాంటి ప్లగిన్లు వేరు. 2005 నుంచి ఉంది అది. మనల్ని అడక్కుండానే పని చేస్తుంది, నిజమే. కానీ అది పక్కన పెట్టేదే తప్ప, మన పేరుతో ఏమీ చెప్పదు. వారానికొకసారి ఆ స్పామ్ సంచి తెరిచి చూసుకుంటే సరిపోతుంది.

డాలస్ అమ్మాయి ఈ ఏడు మళ్ళీ ఆవకాయ పెట్టింది. ఉప్పు తూకం వేసి, త్రాసు మీద అంకె కనిపించేలా ఫొటో తీసి, ముందు నాకు పంపింది. సరిపోయిందని చెప్పాకే కలిపింది.

ఇక మాటలు చాలు. లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్ళు మీ సైట్‌లో ప్లగిన్ల పేజీ తెరవండి. చీరల సైట్ వాళ్ళతో మొదలుపెడదాం. ఇందాక పదహారు ప్లగిన్లు ఉన్నాయన్నారు కదా, ఒక్కొక్కటే చూద్దాం రండి.