మూడు వేలతో గేమింగ్ సరంజామా
(ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులతో హాస్టల్ హాల్లో మాట్లాడింది)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నమస్కారం.

ముందు నేను బోల్తా పడిన కథ చెప్పేస్తాను. కాలేజీలో చేరిన ఏడాది నేను కొన్నది కాంబో. కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, ప్యాడ్ నాలుగూ ఒకే అట్టపెట్టెలో. వినాయక చవితి పందిరిలా రంగురంగుల లైట్లు. వాటికే పడిపోయాను. వారం తిరక్కుండా అసలు సంగతి తెలిసింది. డబ్ల్యూ, ఎ రెండూ పట్టుకుని స్పేస్ నొక్కితే ఆటలో నా మనిషి గెంతడు! గోడ దగ్గరే నిలబడి చచ్చిపోతాడు. నాకు ఆట రాదని రూమ్మేట్లు తేల్చేశారు. కొన్నాళ్లు నేనూ నమ్మాను.

తప్పు వేళ్లది కాదు. చౌక కీబోర్డు లోపల అడ్డంగా, నిలువుగా కరెంటు పారే గీతలుంటాయి. కీ నొక్కితే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలుస్తాయి. ముగ్గులో నాలుగు చుక్కల గడి ఊహించుకోండి. మూడు చుక్కల మీది కీలు ఒకేసారి నొక్కితే, నాలుగోది కూడా నొక్కినట్టే కీబోర్డుకి కనిపిస్తుంది. దీన్నే ఘోస్టింగ్ అంటారు. ఏది నిజమో తేలక మూడో కీని అది మింగేస్తుంది. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్‌ని కీకొకటి చొప్పున పెట్టిన బోర్డుల్లో ఈ తికమక ఉండదు.

షాపులో పరీక్ష తేలికే. నోట్‌ప్యాడ్ తెరిచి, డబ్ల్యూ, ఎ పట్టుకుని స్పేస్ కొట్టండి. ఖాళీలు పడుతున్నాయా లేదా? అలాగే మీ ఆటలో వాడే కీలన్నీ మూడేసి చొప్పున కలిపి చూడండి. షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్తే పక్కనే ఇంకో షాపు ఉంటుంది.

ఇంత చెప్పి, కీబోర్డు ఇప్పుడే కొనొద్దంటున్నాను. మీ ల్యాప్‌టాప్ కీబోర్డుకే ఈ పరీక్ష పెట్టండి, నెగ్గితే ఈ ఏడాదికి అది చాలు. కీకో విడి స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డు కూడా మనకేం కొత్త కాదు. డీటీపీ సెంటర్లలో పెళ్లి పత్రికలు టకటకా కొట్టే టీవీఎస్ గోల్డ్ ఉందే, అది మెకానికలే. కాకపోతే హాస్టల్లో రాత్రి రెండింటికి ఆ చప్పుడు చేస్తే పక్క మంచం వాడు ఊరుకోడు. ఎప్పుడైనా కొంటే టక్కుమనే బ్లూ స్విచ్ కాకుండా, చప్పుడు తక్కువుండే రెడ్ తీసుకోండి.

డబ్బు పెట్టాల్సింది మౌస్ మీద, ప్యాడ్ మీద. షూటింగ్ ఆటల్లో గురి అంతా ఆ చేతిలోనే ఉంటుంది.

డబ్బా మీద 12,800 డీపీఐ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అంటే అంగుళం కదిపితే మౌస్ కంప్యూటర్‌కి 12,800 లెక్కలు పంపుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అడ్డంగా 1,920 పిక్సెళ్లే. లెక్కకో పిక్సెల్ అనుకుంటే, మౌస్ నాలుగు మిల్లీమీటర్లు కదిలేసరికి బాణం ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. దాంతో ఎవరిని గురి చూస్తారు? ప్రొఫెషనల్ ఆటగాళ్లలో చాలామంది 800 దగ్గరే ఉంటారు. కాబట్టి ఆ అంకె వదిలేసి చూడాల్సినవి మూడు: పోలింగ్ రేటు (మౌస్ తన కదలికని సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కి చెబుతుందో ఆ అంకె) 1,000 హెర్ట్జ్ ఉందా, బరువు 100 గ్రాముల లోపా, చేతిలో ఇముడుతుందా. లాజిటెక్ జీ102 లాంటిది 85 గ్రాములు, వైరుది, ధర సుమారు పదిహేను వందలు. మొదటి మౌస్‌కి అంతకంటే అక్కర్లేదు.

ఇక ప్యాడ్. వాలొరెంట్ అనే షూటింగ్ ఆటలో 800 డీపీఐ, సెన్సిటివిటీ (మౌస్ జరిపితే ఆటలో చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె) 0.4 పెట్టుకుంటే, పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మౌస్‌ని దాదాపు 41 సెంటీమీటర్లు జరపాలి. వెనక నుంచి ఎవడో కాల్చాడు, తిరిగి చూడాలి, అంటే 20 సెంటీమీటర్లు. ఏ4 కాగితం వెడల్పే 21! కాంబోలో వచ్చే చిన్న ప్యాడ్ మీద సగం తిరిగేసరికి మౌస్ బల్ల మీదికి జారిపోతుంది. అందుకని మనం సెన్సిటివిటీ పెంచేస్తాం, గురి పాడవుతుంది, మౌస్‌ని తిడతాం. మూడు, నాలుగు వందలు పెట్టి పెద్ద బట్ట ప్యాడ్ తెచ్చుకుంటే ఈ గొడవ పోతుంది. అడ్డం 40 సెంటీమీటర్లు ఉన్నా సరిపోతుంది. అన్నట్టు, విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్‌కి టిక్ తీసేయండి. అది ఉంటే చేతి వేగాన్ని బట్టి బాణం దూరం మారుతుంది. కొన్ని ఆటలు దాన్ని పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి. తీసేయడానికి పైసా ఖర్చు లేదు.

చెవుల సంగతి. మైకున్న వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. అడుగుల చప్పుడు కుడా ఎడమా అని తెలియడానికి స్టీరియో సరిపోతుంది. చౌక హెడ్‌సెట్ల మీద 7.1 (అన్ని వైపుల నుంచీ శబ్దం వస్తున్నట్టు వినిపించడం) అని రాసి ఉన్నా, చాలావాటిలో ఆ పని చేసేది సాఫ్ట్‌వేరే. మామూలు బ్లూటూత్ మాత్రం వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది, పైగా మైక్ ఆన్ చేయగానే ఆట శబ్దమంతా ఫోన్ కాల్‌లా బొంగురుపోతుంది. డెస్క్‌టాప్ వాళ్లకి ఒక చిక్కుంది: వెనక మైకుకీ చెవులకీ విడివిడి రంధ్రాలుంటాయి. ఇయర్‌ఫోన్స్‌తో పాటు వాటి ఒక్క పిన్నునీ రెండుగా విడదీసే చిన్న స్ప్లిటర్ వైరు కూడా అడగండి.

ఫుట్‌బాల్, కార్ల ఆటలే ఆడేవాళ్లకి నా లెక్క తలకిందులవుతుంది. మీరు కంట్రోలర్ కొనుక్కోండి, ఈ మౌస్ పురాణం మర్చిపోండి. మానిటర్ జోలికి ఇవాళ పోను. ఇప్పటికే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే, అంటే 144 హెర్ట్జ్‌ది కొన్నవాళ్లు డిస్‌ప్లే సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి, అది ఇంకా 60లోనే ఉండొచ్చు.

బల్ల మీద మూడు మౌస్‌లు పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి పట్టుకు చూడండి. వాటిలో ఒకదానికి లోపలి స్విచ్ అరిగిపోయి, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. అది ఏదో కనిపెట్టినవాళ్లకి టీ నేను ఇప్పిస్తా.