కలప నిండుకున్నాక వచ్చిన కార్లు

సభకు నమస్కారం.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పది ఎకరాలు, అంతకు మించిన విస్తీర్ణం గల సరస్సులు 11,842 ఉన్నాయి. అన్ని సరస్సులున్న చోటికి జనం విహారానికి రావడంలో వింతేముందని అనిపించవచ్చు. కానీ ఆ రాష్ట్రపు ఉత్తర భాగాన్ని యాత్రాస్థలంగా మార్చడంలో సరస్సుల అందానికి ఎంత పాత్ర ఉందో, అడవి నరికివేత మిగిల్చిన బతుకు అవసరానికీ అంతే పాత్ర ఉందని నేను భావిస్తాను.

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో కలప కంపెనీలు అక్కడి పైన్ అడవులను నరికి, దుంగలను నదుల మీద, రైళ్ల మీద తరలించాయి. మేలైన కలప నిండుకోగానే అవి పశ్చిమానికి వెళ్లిపోయాయి. మోళ్లు మిగిలిన నేలను సాగు చేయబోయిన రైతులను చాలాచోట్ల పలచటి మట్టి, కురచ వేసవి నిలవనివ్వలేదు. ఇక ఆ ఊళ్లకు ఆధారంగా మిగిలినవి నీళ్లు, చేపలు, చల్లగాలి.

ఆ సమయానికే కారు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. 1920లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణతో మారుమూల పట్టణాలను కలిపే ప్రధాన రహదారుల నిర్మాణం మొదలైంది. రైలు దిగి పెద్ద హోటల్లో వారాల తరబడి గడిపే సంపన్నులతో పాటు, గుడారం, వంటసామాను కారుకు కట్టుకుని వచ్చే కుటుంబాలూ కనిపించసాగాయి. సరస్సు ఒడ్డున స్థలమున్నవారు చిన్న చిన్న చెక్క ఇళ్లు కట్టి, పడవతో సహా వారానికింతని అద్దెకిచ్చారు, వంట అతిథులదే. మే నెలలో చేపల వేట మొదలైనప్పటి నుంచి సెప్టెంబరులో బడులు తెరిచేదాకా వచ్చిన రాబడితోనే మిగతా ఏడాది గడవాలి. ఆ కుటుంబాల కష్టాన్ని పర్యాటక చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదనే నాకనిపిస్తుంది.

దారిన పోయే కారును ఆపడం మరో విద్య. 1937లో బెమిడ్జి పట్టణం సరస్సు ఒడ్డున పాల్ బన్యన్ అనే కట్టెకొట్టే వీరుడి పద్దెనిమిది అడుగుల విగ్రహాన్ని నిలిపింది. అతని నీలి ఎద్దు బేబ్‌ను మొదట్లో లారీ మీద ఊరేగించేవారు. కూలీల కథల్లోని ఈ వీరుణ్ణి 1914లో ఒక కలప కంపెనీ తన ప్రచార పుస్తకంతో దేశానికి పరిచయం చేసింది. అడవిని నరికిన పనివాడు, అడవి పోయాక, అదే ప్రాంతానికి జనాన్ని పిలిచే గుర్తు కావడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసే విషయం. 1988లో ఆ విగ్రహాలు జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరాయి.

అయితే ఆ దారి పక్కన చాలాకాలం కనిపించనివారు, ఆ ప్రాంతపు మూలవాసులైన ఒజిబ్వే ప్రజలు. 1832లో మిసిసిపి నది పుట్టే ఇటాస్కా సరస్సుకు స్కూల్‌క్రాఫ్ట్ అనే అమెరికా అన్వేషకుణ్ణి తీసుకెళ్లింది ఒజిబ్వే జాతికి చెందిన ఒజావిందిబ్. 1889 నాటి నెల్సన్ చట్టం ఒజిబ్వేల భూమిని విడివిడి వాటాలుగా చీల్చి, మిగులును బయటివారికి తెరిచింది; ఆ క్రమంలో ఎన్నో సరస్సుల ఒడ్డులు వారి చేజారాయి. లీచ్ లేక్ ప్రాంతపు ఒజిబ్వేలకు దాదాపు 11,760 ఎకరాలు తిరిగి ఇచ్చే చట్టం 2020లో గానీ రాలేదు. ఇటీవలి కాలంలో బెమిడ్జిలోని అనేక దుకాణాలు ఇంగ్లిషుతో పాటు ఒజిబ్వే భాషలోనూ స్వాగత ఫలకాలు పెట్టాయి. విగ్రహాన్ని చూడటానికి ఆగిన యాత్రికుడు ఈ నేల ఎవరిదో కూడా ఇప్పుడు అక్కడే చదువుకోగలుగుతున్నాడు.