పాత కారులో ఇ20 పెట్రోల్ పోయొచ్చా? ఫోన్-ఇన్‌లో మెకానిక్ జవాబులు

యాంకర్: తెనాలి నుంచి కాలర్ ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. మాది 97 మోడల్ మారుతి 800, నాన్నగారు కొన్నది, అమ్మడానికి మనసొప్పక ఉంచాను, ఎప్పుడైనా గుడికో పెళ్లికో తీస్తాను, మిగతా రోజుల్లో షెడ్డులోనే. ఇప్పుడు బంకుల్లో ఎక్కడ చూసినా ఇ20నే కదా, అదే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పోస్తే పైపులు కరిగిపోతాయని అందరూ టెన్షన్ పెడుతున్నారు. పోయొచ్చా అండీ?

మెకానిక్: రాత్రికి రాత్రి ఏమీ కరిగిపోదండీ. కానీ ఆ బండి చేసిన రోజుల్లో ఇరవై శాతం ఇథనాల్ మాటే లేదు. పాత రబ్బరు దీనికి ఉబ్బి మెత్తబడుతుంది, లేకపోతే పగులుతుంది. షెడ్డు తలుపు తీయగానే పెట్రోల్ వాసన వస్తోందా?

కాలర్: కొంచెం వస్తుందండీ, పాత కారు కదా...

మెకానిక్: పాతదైనా వాసన రాకూడదు! అయితే స్టార్ట్ చేయకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగిటివ్ తీసేసి, పంపు నుంచి కార్బురేటర్‌కి, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపే భాగానికి, వెళ్లే పైపుని వంచి చూడండి. నెర్రెలున్నా, జిగటగా ఉన్నా, క్లిప్పు దగ్గర తడి మరక ఉన్నా మార్చాల్సిందే. తెల్లగుడ్డతో తుడిస్తే నల్లగా అంటిందా, రబ్బరు పోతున్నట్టే. వెనక ట్యాంకు దగ్గరి పైపుల్నీ చూడాలి, వాటి జోలికి ఎవరూ వెళ్లరు. అగ్గిపుల్ల, సిగరెట్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

కాలర్: సరేనండీ. మరి పెట్రోల్ పోయొచ్చా?

మెకానిక్: బాబాయ్ గారూ, అదే చెప్తున్నాను, పైపులు చూడకుండా పోయొద్దు. ఇథనాల్‌కి ఆగే పైపు అని అడిగి కొనండి, మీటరు లెక్కన కోసిచ్చే మామూలు రబ్బరు వద్దు. పంపులో ఉండే పల్చటి పొర, డయాఫ్రమ్ అంటాం, అదీ, కార్బురేటర్ గ్యాస్కెట్లు కూడా మార్పించండి. ఇథనాల్ ట్యాంకులో పేరుకున్న మురికిని వదిలిస్తుంది, అదంతా ఫిల్టర్‌లోకే వస్తుంది, కాబట్టి కొన్నాళ్లకే ఫిల్టర్ మార్చాలి. ఇంకోటి, ఇథనాల్ గాలిలో తేమ లాగుతుంది. నెలల తరబడి ఆపేస్తే నీళ్లు ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి, ఇంజిన్ ముందుగా లాక్కునేది అక్కడినుంచే. ట్యాంకు లోపల తుప్పు కూడా పడుతుంది. ఎక్కువకాలం ఆపేటట్టయితే పెట్రోల్ దింపించేయండి.

కాలర్: ఆక్సిలేటర్ తొక్కితే జర్క్ ఇస్తుందని కూడా...

మెకానిక్: ఇవ్వొచ్చు. కార్బురేటర్‌కి సెన్సార్ ఉండదు, పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైనట్టు నడుస్తుంది. ట్యూనింగ్ చేయించాలి. వాసన మాత్రం ఈరోజే చూడండి.

యాంకర్: ధన్యవాదాలండీ. కరీంనగర్ కాలర్.

కాలర్: నాది 2012 మోడల్ కారు అన్నా, ఇ20 పోస్తుంటే మైలేజ్ పడిపోయింది.

మెకానిక్: ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ తమ్ముడూ, కొంత తగ్గుతుంది. 2021 నీతి ఆయోగ్ నివేదికే పాత డిజైన్ కార్లకి 6-7 శాతం దాకా అంది. అంతకంటే బాగా పడితే ఫిల్టర్, ప్లగ్గులు చూపించు. నీది ఇంజెక్షన్ బండి, అంటే కార్బురేటర్ లేకుండా ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేది, లైన్లో ప్రెషర్ ఉంటుంది, పైపు నువ్వు పీకొద్దు. వాసనొస్తే మెకానిక్ దగ్గరికి...

యాంకర్: సమయం తక్కువుంది. బెంగళూరు నుంచి.

కాలర్: సార్, పెట్రోల్‌లో కలపమని సీసాల్లో అమ్మే మందు పోస్తే సరిపోతుందా?

మెకానిక్: ఏ మందూ పగిలిన పైపుని అతికించదమ్మా. ముందు పైపులు చూపించండి.

యాంకర్: థ్యాంక్యూ సార్. కాలర్స్‌కి ధన్యవాదాలు.