గర్భసంచి తీసేశారు, నొప్పి పోలేదు

యాంకర్: నమస్కారం. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన ఇళ్లల్లో దానికి పేరే లేదు. ‘అమ్మకు ఎప్పుడూ ఉండేదేగా’ అనేసి ఊరుకుంటాం. ఈరోజు మనతో ఒక గైనకాలజిస్ట్, నొప్పి వైద్యం చేసే డాక్టర్, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఒక రైతుకూలీ ఉన్నారు. అక్కా, మీతోనే మొదలుపెడదాం.

రైతుకూలీ: పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఉంది మేడం. నెలనెలా పొత్తికడుపు మెలిపెట్టినట్టు. పెళ్లయితే తగ్గుద్దని మా అమ్మ అనేది. ఇద్దరు పిల్లలు పుట్టినా తగ్గలేదు, నెలంతా పట్టుకుంది. పత్తి తీతకు పోతే అందరూ ఒడి నిండేదాకా తీస్తారు. నేను బరువు మోయలేక సగం ఒడికే సాలు చివరికి పోయి పోసి వచ్చేదాన్ని. కిలోల లెక్కన కూలి కదా, నాకు సగమే పడేది. పని ఎగ్గొట్టడానికి నాటకం అనేవాడు మా ఆయన.

యాంకర్: డాక్టర్‌కి చూపించుకోలేదా?

రైతుకూలీ: ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, గోళీలు. తర్వాత టౌన్‌లో ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. స్కానింగ్ చూసి, గర్భసంచి పాడైంది, తీయకపోతే క్యాన్సర్ అవుద్దన్నారు. భయపడి పుస్తెలతాడు కుదువబెట్టి తీయించుకున్నా. అప్పటికి నాకు 29. నొప్పి మాత్రం పోలేదు.

గైనకాలజిస్ట్: ఈ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8. ఈమెది ఎండోమెట్రియోసిస్ అయి ఉండొచ్చు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరుగుతుంది. పిల్లల్ని కనే వయసులో సుమారు పది మందిలో ఒకరికి ఉంటుంది. మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు దొరకదు. గర్భసంచి తీసినా బయట పెరిగింది అక్కడే ఉంటుంది.

యాంకర్: అంటే ఈ ఆపరేషన్లన్నీ అనవసరమేనా?

గైనకాలజిస్ట్: అలా అనను. క్యాన్సర్ ఉన్నా, మందులకు ఆగని రక్తస్రావం ఉన్నా చేయాల్సిందే. నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో వెతక్కుండా తీసేయడం తప్పు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

నొప్పి వైద్యుడు: ఇంకో సంగతి. ఏళ్ల తరబడి నొప్పి పడితే నరాలు అలవాటుపడతాయనుకుంటాం. చాలామందిలో జరిగేది దానికి తలకిందులు. వెన్నుపాము, మెదడు ఇంకా సున్నితమైపోతాయి, కాస్త తాకినా మంట పుడుతుంది. అప్పుడు రిపోర్టులన్నీ నార్మల్‌గా వచ్చినా నొప్పి నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటు ఇచ్చింది.

రైతుకూలీ: అయితే నాది నాటకం కాదన్నట్టేగా సార్?

నొప్పి వైద్యుడు: కాదమ్మా. మీ ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి, నేనే చెప్తాను. రోజూ నొప్పి గోళీలు మింగడం మాత్రం ఆపాలి, కిడ్నీలు దెబ్బతింటాయి. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, ఫిజియోథెరపీ ఉంది. ఒక్క వారంలో తగ్గదు, కానీ తగ్గించొచ్చు.

రైతుకూలీ: నా సంగతి సరే. నా బిడ్డకు 14. నెలకు రెండు రోజులు బడికి పోకుండా ముడుచుకుని పడుకుంటది. మొన్న ‘తప్పదు తల్లీ’ అన్నా. మా అమ్మ మాటే నా నోట్లోంచి వచ్చింది.

గైనకాలజిస్ట్: పాపని తీసుకురండి. ఈలోగా నొప్పి వచ్చిన రోజు క్యాలెండర్ మీద గీత పెట్టమనండి, బడి మానిన రోజుకు సున్నా చుట్టమనండి. రెండు మూడు నెలలది ఉంటే నాకు సగం పని అయినట్టే.

రైతుకూలీ: పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంది మేడం. దాని మీదే పెట్టిస్తా.