రెండోసారి కుక్క కరిస్తే మళ్లీ అన్ని సూదులూ వేయించుకోవాలా?

(తెర మీద: తెల్లారుజాము వీధి, కుక్కల గుంపు, బైక్ మీద పాల క్యాన్లు)

పోయిన ఏడాది కుక్క కరిస్తే రేబిస్ రాకుండా సూదులన్నీ వేయించుకున్నారు. ఇవాళ పొద్దున ఇంకో కుక్క పిక్క పట్టుకుంది. ఇంట్లో అప్పుడే రెండు పార్టీలు. "వేయించుకున్నావుగా, ఏం కాదులే" అంటారు నాన్న. "మళ్లీ మొదటి నుంచీ వేయించాల్సిందే" అంటుంది అమ్మ. ఇద్దరి లెక్కా తప్పే.

ముందు కుళాయి దగ్గరికి పదండి. సబ్బు పెట్టి, ధార కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకోండి, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది మరి! ఎన్ని టీకాలు పడినవాళ్లకైనా ఇది తప్పదు. కారం, సున్నం, పసరు వద్దు.

(తెర మీద: క్యాలెండర్)

మొదటిసారి కరిచినప్పుడు చర్మం పొరలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మొదటి సూది పడిన రోజే సున్నా. ఆ కోర్సు పూర్తయినవాళ్లను మళ్లీ కరిస్తే రెండు రోజులే వెళ్లాలి: 0, 3. గాయంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) అక్కర్లేదు.

ఎందుకంటే మొదటిసారి ఒంటికి ఈ రేబిస్ వైరస్ ఎవరో తెలియదు. టీకా వేశాక యాంటీబాడీలు తయారవడానికి వారం పది రోజులు పడుతుంది. ఆలోగా కాపలాకే లోతు గాయాల్లో ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ రక్తంలో యాంటీబాడీలు తగ్గొచ్చు, కానీ వాటిని తయారుచేయడం తెలిసిన జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి. ఈ రెండు రోజుల సూదులు (బూస్టర్) పడగానే అవి మేల్కొంటాయి. ఐదేళ్ల కిందటి కోర్సైనా అంతే.

కోర్సు అయ్యి మూడు నెలలు కూడా కాకపోతే గాయం కడిగితే చాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కానీ ఆ మాట డాక్టర్ చెప్పాలి, మనం ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు.

కొందరికి ఈ వెసులుబాటు లేదు. ఒక్క సూదితో ఆపేసినవాళ్లు కొత్తవాళ్ల కిందే లెక్క. బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకున్న తాతయ్యలు కూడా అంతే. అది జంతువుల మెదడు కణజాలంతో చేసిన పాత టీకా, 2005 నాటికి మన దేశంలో ఆపేశారు. క్యాన్సర్ మందుల వల్లో, ఇంకే కారణంతోనో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకైతే మళ్లీ పూర్తి కోర్సు, ఇమ్యునోగ్లోబులిన్‌తో సహా.

(తెర మీద: మడతలు పడిన ఆసుపత్రి చీటీ)

డాక్టర్ ముందు అడిగేది ఈ చీటీనే. అది లేకపోతే లెక్క మళ్లీ సున్నా నుంచే. ఇప్పుడే వెతికి, ఫోన్‌లో ఓ ఫోటో తీసి పెట్టుకోండి.