పాత మోటార్‌హోమ్ కొంటున్నారా? మైళ్లు తర్వాత, ముందు కప్పు చూడండి

(తెర మీద: ఇంటి ముందు ఆగి ఉన్న క్లాస్ సి మోటార్‌హోమ్)

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో ఒకసారి ఆర్‌వీ, అంటే లోపలే పడుకుని వండుకునే ఇల్లులాంటి బండి, అద్దెకి తీసుకెళ్లొచ్చి, "సొంతంగా ఒకటి కొనేస్తే పోలా?" అంటారు. కొత్తవాటి ధర చూడగానే చూపు పాతవాటి మీద పడుతుంది. "పదేళ్ల బండి, ఇరవై వేల మైళ్లే తిరిగింది" అనగానే ఎగిరి గంతేయకండి. తిరిగిన బండి కన్నా ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్న బండితోనే టెన్షన్ ఎక్కువ.

(తెర మీద: నిచ్చెన, బండి పైకప్పు)

ఇంజిన్ పాడైతే బాగుచేయించొచ్చు. గోడల్లోకి నీళ్లు దిగితే మాత్రం ఖర్చు మామూలుగా ఉండదు. అందుకే ముందు కప్పు చూడండి. ఏసీ, వెంట్లు, యాంటెనా చుట్టూ వేసిన సీలెంట్ ఎండిపోయి పగిలిందా? ఆ సందుల్లోంచే నీళ్లు దిగి లోపలి చెక్కని కుళ్లబెడతాయి. తర్వాత లోపలికొచ్చి డ్రైవర్ సీటు పైనుండే మంచం ఎక్కండి. పరుపు ఎత్తి, మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి దిగితే బేరం అక్కడితో ఆపేయండి. బయట గోడకి ఆనించి ఫోన్ టార్చి అడ్డంగా వేస్తే, పొర ఊడిన చోట ఉబ్బులు కనిపిస్తాయి. తలుపు తీయగానే ఎయిర్ ఫ్రెషనర్ గుప్పుమంటే నాకైతే అనుమానమే!

(తెర మీద: టైరు పక్కన అంకెలు, దగ్గరగా)

టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. గాడులు కొత్తవాటిలా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైర్లని మార్చాల్సిందే అనుకోండి. క్లాస్ సికి, అంటే డ్రైవర్ సీటు పైన మంచం ఉండే రకానికి, సాధారణంగా ఆరు టైర్లు. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

బండి చూడ్డానికి వెళ్లే ముందు రోజే అమ్మేవాళ్లకి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి: ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచొద్దు, ఫ్రిజ్ మాత్రం రాత్రే ఆన్ చేయండి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ చల్లబడడానికి చాలా గంటలు పడుతుంది. అక్కడికెళ్లాక జనరేటర్ వేసి, దాని మీదే ఏసీ అరగంట నడపండి. స్లైడ్‌అవుట్, అంటే లోపల చోటు పెరగడానికి బయటికి జరిగే గోడ భాగం, పూర్తిగా బయటికి, లోపలికి తీయించండి.

"వింటరైజ్ చేశాం (చలికాలం కోసం పైపుల్లో నీళ్లు తీసేశాం), నీళ్లు పెట్టలేం" అంటే ఒప్పుకోవద్దు. చలికి పైపు పగిలిందో లేదో నీళ్లు పెడితేగా తెలిసేది! ట్యాంకు నింపి పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేయండి. పంపు ఆగిపోవాలి. కాసేపటికి దానంతటదే మళ్లీ గుర్రుమంటే ఎక్కడో కారుతోందన్నమాట.

(తెర మీద: టైటిల్ కాగితం)

కాగితాల్లో టైటిల్ (యాజమాన్య పత్రం) మీద విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, బండి మీద నంబరు ఒకటేనా చూసి, వరదలో మునిగిన చరిత్ర ఉందేమో రిపోర్టు తీయించండి. ఛాసీ (ఇంజిన్, చక్రాలుండే కింది భాగం) ఏడాది, బాడీ ఏడాది వేరుగా ఉంటే కంగారు పడకండి, అది మామూలే. నచ్చితే అడ్వాన్స్ ఇచ్చేలోపే ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌ని పిలవండి.

అన్నట్టు, మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ చదివారా? చాలా చోట్ల ఇంటి ముందు ఆర్‌వీ పెట్టనివ్వరు. దగ్గర్లో స్టోరేజీ అద్దె ఎంతో కనుక్కుని, అది కూడా కలుపుకునే ధర మాట్లాడండి.