వాల్వు మార్చిన తర్వాత

శ్రోతలకు నమస్కారం.

మన నెల్లూరు, ఒంగోలు వైపు పల్లెల్లో 'మా ఇంట్లో ఫలానా వాళ్ళ గుండెకు వాల్వు వేశారు' అనే మాట అప్పుడప్పుడు వింటూనే ఉంటాం. కొందరు చెన్నై వెళ్ళి చేయించుకుంటారు, కొందరు ఆరోగ్యశ్రీలో చేయించుకుంటారు. ఆపరేషన్‌కి ముందు ఇంటిల్లిపాదీ పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. తీరా మనిషి క్షేమంగా ఇంటికి వచ్చాక, టెన్షన్‌తో పాటు జాగ్రత్త కూడా పోతోంది. ఈ రోజు ఆ జాగ్రత్త గురించే మాట్లాడతాను.

బావి మోటారుకి ఫుట్‌వాల్వు ఉంటుంది కదా. నీళ్ళను పైకి రానిస్తుంది, వెనక్కి జారనివ్వదు. గుండెలో అలాంటివి నాలుగున్నాయి. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం వీటిని, ముఖ్యంగా గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వును, ఏళ్ళ తరబడి పాడుచేస్తుంది. మన దేశంలో పడుచువాళ్ళకి కూడా వాల్వు మార్చాల్సి రావడానికి పెద్ద కారణం అదే.

అమర్చే వాల్వుల్లో ప్రధానంగా రెండు రకాలు. పంది వాల్వుతోనో, ఆవు గుండె చుట్టూ ఉండే పొరతోనో చేసేది ఒకటి. అది సుమారు 10 నుంచి 15 ఏళ్ళు పనిచేస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకి ఇంకా ముందే పాడవుతుంది. లోహం, కార్బన్ వంటి గట్టి పదార్థాలతో చేసే మెకానికల్ వాల్వు దశాబ్దాలు నిలుస్తుంది. మన దేశంలో తయారైన చిత్ర వాల్వు ఈ రెండో రకమే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం చేసిన మొదటి మూడు నమూనాలు నిలబడలేదు. నాలుగోదాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. విదేశీ వాల్వు ఖరీదు భరించలేని కుటుంబాలకు దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు.

మెకానికల్ వాల్వు అరగదు గానీ, దాన్ని తాకిన రక్తం గడ్డకట్టబోతుంది. గడ్డ అక్కడే పేరుకుంటే వాల్వు ఇరుక్కుపోతుంది. ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే రక్తం పలచబడే బిళ్ళ, వార్ఫరిన్ కానీ ఎసిట్రోమ్ కానీ, బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. 'బాగానే ఉన్నాను కదా' అని మానేసి, మాట పడిపోయి వచ్చినవాళ్ళను చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. మాటిమాటికీ రక్తపరీక్ష అక్కర్లేని కొత్త రకం బిళ్ళలు ఉన్నాయట కదా అని కొందరు అడుగుతారు. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్ళకు అవి పనికిరావు. అందులో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇలాంటి రోగులకు ఇచ్చి చూసినప్పుడు గడ్డలూ రక్తస్రావమూ ఎక్కువై, ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

బిళ్ళ ఎంత వేయాలో, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. ఈ బిళ్ళ వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మెకానికల్ వాల్వు అయోర్టిక్ స్థానంలో, అంటే గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం వెళ్ళే దారిలో, ఉంటే మామూలుగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరునే అడగండి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం.

కందుకూరు వైపు నుంచి వాల్వు వేయించుకున్న ఒక పొగాకు బ్యారన్ కూలీ నా దగ్గరకు వైద్యానికి వస్తుంటాడు. చదువు లేదు. ఆయన కూతురు స్కూలు నోట్‌బుక్కులో స్కేలు పెట్టి గళ్ళు గీసింది. తేదీ, ఐఎన్ఆర్, ఆ రోజు వేయాల్సిన బిళ్ళ. పూర్తి బిళ్ళకు నిండు సున్నా, అర బిళ్ళకు అర సున్నా. చివరి గడిలో 'జ్వరం మందులు వాడాడు', 'పెళ్ళికెళ్ళి రెండు రోజులు మర్చిపోయాడు' అని రాస్తుంది. ఆ గడి చూస్తే అంకె ఎందుకు మారిందో నాకు అడక్కుండానే తెలిసిపోతుంది. బిళ్ళ మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు మాత్రం రెండూ కలిపి వేసుకోకూడదు.

ఆకుకూరలు మానేయాలా అని అడుగుతారు. మానొద్దు. వాటిలోని విటమిన్ కె ఈ బిళ్ళకు ఎదురు పనిచేసే మాట నిజమే. అయితే రోజూ తినేది ఒకే తీరున ఉంటే బిళ్ళను దానికి తగ్గట్టు సర్దుతాం. ఆషాఢం వచ్చిందని ఉన్నట్టుండి రోజూ మునగాకు తిన్నా, కార్తీకంలో వరసగా ఉపవాసాలున్నా, అయ్యప్ప మాల వేసుకుని మండలం పాటు తిండి మార్చినా ఐఎన్ఆర్ అటో ఇటో జరుగుతుంది. దీక్షలు చేయొద్దని నేను అనను. ముందుగా చెప్పండి, ఆ రోజుల్లో పరీక్ష త్వరత్వరగా చేయించుకోండి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఒళ్ళునొప్పులకు తుంటికి వేసే సూది. లోపల కండలో రక్తం పేరుకుని, తెల్లారేసరికి తొడదాకా నల్లగా కమిలి, కాలు కదపలేక వచ్చినవాళ్ళున్నారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలతో కడుపులో రక్తం పోవచ్చు. కొన్ని యాంటీబయాటిక్స్, నాటుమందులు కూడా ఐఎన్ఆర్‌ను మార్చేస్తాయి. ఏ వైద్యుడి దగ్గరకు వెళ్ళినా 'నాకు వాల్వు వేశారు' అనేది మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట కావాలి.

పన్ను పీకించుకునే ముందు కూడా చెప్పాలి. నోటిలోని క్రిములు రక్తంలో కలిసి వాల్వు మీద చేరకుండా ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. రక్తం పలచబడే బిళ్ళను మీ అంతట మీరు ఆపకండి. రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ళు కాలికి దెబ్బ తగిలితే కడిగి కట్టు కట్టించుకోండి. జ్వరం తగ్గకుండా ఉంటే, ఏ యాంటీబయాటిక్కూ మొదలుపెట్టక ముందే, రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు రక్తం ఇవ్వాలి.

పెళ్ళికావలసిన అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. వాల్వు సంగతి దాచి పెళ్ళి చేయకండి. అత్తారింట్లో రహస్యంగా బిళ్ళ వేసుకోవాల్సి వచ్చిన పిల్ల ఎప్పుడో ఒకప్పుడు మానేస్తుంది. వార్ఫరిన్ గర్భంలోని బిడ్డకు, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య, హాని చేయవచ్చు. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే గుండె డాక్టరునూ కాన్పుల డాక్టరునూ కలవాలి. నెల తప్పితే అదే రోజు వెళ్ళాలి.

మెకానికల్ వాల్వు చప్పుడు రాత్రి నిశ్శబ్దంలో కొందరికి టిక్ టిక్‌మని వినిపిస్తుంది. దానికి కంగారు పడక్కర్లేదు. రోజూ వినిపించేది ఉన్నట్టుండి మందగించినా, ఆయాసం వచ్చి పడుకోలేకపోయినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, మలం నల్లగా వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, వాల్వు వేసిన మనిషి అనీ, ఏ బిళ్ళ వాడుతున్నారో కూడా చెప్పండి.